తక్కువ మాటల్లో ఊరికి చెప్పడం: కృష్ణా మెట్టలో పొదుపు రాత చరిత్ర

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో పొదుపుగా, పనికొచ్చేలా రాసిన రాతకు దొరుకుతున్న పాత ఆనవాళ్లలో ముఖ్యమైనది జగ్గయ్యపేట పక్కన ధనంబోడు దిబ్బ మీద దొరికింది. అక్కడి బౌద్ధ స్తూపం క్రీస్తుకు పూర్వమే కట్టింది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ శిథిలాలను పరిశీలించి, 1887లో అమరావతి స్తూపంతో కలిపి దీని మీద గ్రంథం వెలువరించాడు. స్తూపానికి తూర్పు వాకిటి వేదిక మీద నిలబెట్టిన ఆయక స్తంభాల్లో మూడింటి మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. మూడింటిలోనూ దాదాపు ఒకటే పాఠం.

ఆ పాఠం నడిచిన వరుస చూడదగ్గది. మొదట శుభం పలికే ఒక్క మాట. వెంటనే కాలం: ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి ఏలుబడిలో 20వ సంవత్సరం, వర్షాకాలంలో 8వ పక్షం, 10వ రోజు. తరువాత మనిషి: కమ్మరాష్ట్రంలో నడతూరు గ్రామానికి చెందిన శిల్పి నాకచందుడి కొడుకు, తానూ శిల్పే అయిన సిధథుడు. ఆ తరువాత అతడి ఇంటివాళ్లు: ముందు తల్లి నాగిలని, తరువాత భార్య సముదని, కొడుకు మూలసిరి, ఆపైన కూతురు, తమ్ముడు, తమ్ముడి కుటుంబం. పిమ్మట చోటు, పని: వెలగిరిలోని బుద్ధుడి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు. చివర ఎందుకు చేశాడన్నది: సకల ప్రాణుల మేలు కోసం, సుఖం కోసం. అంతటితో సరి.

క్రీ.శ. 3వ శతాబ్దంలో ఒక పనివాడు చెక్కించిన ఈ రాతలో ఎప్పుడు, ఎవరు, ఎక్కడ, ఏమిటి, ఎందుకు అనే అయిదింటికీ జవాబుంది. రాజు పేరు వచ్చింది గానీ కాలం గుర్తు పెట్టుకోవడానికే వచ్చింది. రాజు శౌర్యం గురించి ఒక్క ముక్క లేదు. విశేషణాలు దాదాపు లేవు. ఉలి దెబ్బకు కూలి ఉంటుంది, రాయికి హద్దు ఉంటుంది కాబట్టి మాటలు తగ్గాయని సరిపెట్టుకోవచ్చు. కానీ అదే శాసనంలో అక్షరాల నిలువు గీతలను కిందికీ పైకీ పొడుగ్గా లాగి, వంపులు తిప్పి ఎంతో తీరుబడిగా చెక్కారు. అక్షరానికి అంత సొగసు దిద్దిన చెయ్యి మాట దగ్గర మాత్రం పట్టి పట్టి వాడింది. అంటే పొదుపు కేవలం ఖర్చు వల్ల వచ్చింది కాదు, ఏది చెప్పాలో తేల్చుకోవడం వల్ల వచ్చింది. సిధథుడు ధారాళంగా ఖర్చు పెట్టింది ఒక్కచోటే, ఇంటివాళ్ల పేర్ల దగ్గర. ఆ పేర్లు నిలబడాలనే కదా రాయి నిలబెట్టింది.

అదే జగ్గయ్యపేటలో దొరికిన, మరికొన్ని శతాబ్దాల తరువాతి శాసనం ఒకటి బుద్ధ విగ్రహం మీద ఉంది. భాష ఈసారి సంస్కృతం. నాగార్జునాచార్యుల శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు, బుద్ధత్వం పొందడం కోసం ఈ బుద్ధ ప్రతిమను నిలిపాడని దాని సారం. గురు పరంపర మూడు పేర్లలో ముగిసింది. అయితే సమాసాలు పొడుగయ్యాయి, ప్రాకృతం నాటి తేటదనం కొంత తగ్గింది.

తరువాతి రాజశాసనాలు వేరే దారి పట్టాయి. తూర్పు చాళుక్యుల రాగిరేకులు తెరిస్తే వంశావళి, యుద్ధాలు, బిరుదులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అసలు దానం సంగతి చివరి రేకుల దాకా రాదు. ఎంతో సంస్కృతం నడిచాక, పొలం ఎల్లలు చెప్పవలసిన చోట మాత్రం ఊరివాళ్లు పిలిచే తెలుగు పేర్లే దిగుతాయి. తగాదా వస్తే తేల్చవలసినవి ఎల్లలే. ప్రశస్తిలో తప్పు దొర్లినా ఎవరి పొలమూ పోదు. ఎల్లల్లో మాట తేడా వస్తే భూమి పోతుంది. అందుకే అక్కడ వాగు, పుంత, చెట్టు అని చూపించగల గుర్తులు చోటు చేసుకున్నాయి. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం కూడా ఈ పనికొచ్చే రాత కోవకే చెందుతుంది. ఓడలు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకు లాక్కునేవారనీ, ఇకమీదట అలా జరగదనీ, సుంకం ముప్పయ్యో వంతు మాత్రమేననీ దూరదేశపు వర్తకులకు అది హామీ ఇచ్చింది. పరాయి దేశం వర్తకుడికి కావలసింది ప్రాణానికి, సరుక్కి భరోసా, కట్టవలసిన సుంకం ఎంతన్న లెక్క. ఆ రెండూ దాంట్లో ఉన్నాయి.

రాయి, రేకు దాటి కాగితానికి వస్తే మెట్ట గ్రామాల్లో ఎక్కువ రాసినవాడు కరణం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలుకు తన తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేటగా మార్చిన కాలానికి, నందిగామ చుట్టుపట్ల ప్రతి ఊరి సంగతీ కరణం రాసే ఊరి దస్త్రంలో, అంటే కవిలెలో ఉండేది. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ కాపు ఏ చేను సాగు చేస్తున్నాడు అన్నవి అందులోకి ఎక్కేవి. కవిలె రాత పొదుపుకు పరాకాష్ఠ. వీసం, పరక లాంటి భిన్నాలను నిలువు గీతలు, అడ్డ గీతలతో తేల్చేవారు. గొలుసుకట్టు రాతలో కలం ఎత్తకుండా వరస పూర్తయ్యేది. క్రియాపదం అవసరమయ్యేదే కాదు.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన ఊరి చరిత్రలకు, అంటే కైఫీయతులకు చాలావరకు ఆధారం ఈ కవిలెలే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీకి ఈ పనిలో కుడిభుజాలు. మెకంజీ 1821లో మరణించాక ఆ రాతలు చెల్లాచెదురు కాకుండా సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించాడు. కైఫీయతు ఒక చట్రంలో నడుస్తుంది. ఊరు ఏ సర్కారు, ఏ పరగణా కిందిదో ముందు వస్తుంది. తరువాత ఊరి పుట్టుక, దేవాలయాలు, దొరల వరస, మాన్యాలు. భాష కావ్యభాష కాదు, కచేరీలో మాట్లాడుకున్న తెలుగు. ఉర్దూ, పారసీ మాటలు అందులో ధారాళంగా కలిసిపోయాయి. తెలుగు వచనం చరిత్ర రాసేటప్పుడు కావ్యాల వెంటే పోయి, ఈ కైఫీయతులను వెనక బల్ల మీద కూర్చోబెట్టడం పెద్ద లోటు. కథ చెప్పగల తేట వచనం అచ్చు పత్రికలకు ముందే ఇక్కడ తయారై ఉంది.

కరణం రాతలో ఒక పెద్ద లోపం ఉంది. గొలుసుకట్టు రాత, భిన్నాల గుర్తులు చదవగలిగింది మరో కరణమే. ఎవరి పొలం గురించి రాశారో ఆ రైతు చదవలేడు. రాత ఎంత క్లుప్తమైతే అంతగా తలుపు మూసుకుపోయింది. ఊళ్లో కరణానికి ఉన్న పట్టులో సగం ఈ మూసిన తలుపు వల్ల వచ్చిందే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారులను తొలగించడంతో ఆ వ్యవస్థ ముగిసింది.

చదువురాని ఊరికి సంగతి చేరవేసే పని నోటిదే. డప్పు కొట్టి చేసే చాటింపు మెట్ట పల్లెల్లో శిస్తు గడువు, పశువుల సంత, జాతర, నీటి వంతులు తెలియజేసేది. ముందు డప్పు మోత, తరువాత అందరికీ తెలిసిన ‘ఇందుమూలంగా యావన్మందికీ’ అనే పిలుపు, తరువాత ఎవరు చెప్పమన్నారో, ఏమి చెయ్యాలో, ఏనాటికి చెయ్యాలో. వీధి మలుపులో ఒకసారి, రావిచెట్టు దగ్గర ఒకసారి, వాడలో ఒకసారి అవే మాటలు. చాటింపు వేసేవాడు సంగతిని పొడిగిస్తే ఊరు సగం చుట్టేసరికే పొద్దు పోతుంది. వినేవాడు పనిలో ఉంటాడు, రెండోసారి అడగడు. కాబట్టి ఒక్కసారి వింటే గుర్తుండే కొలతకు మాట దిగింది. కరణం కవిలె, చాటింపు ఒకే ఊళ్లో, తరచు ఒకే సంగతి మీద నడిచాయి. ఒకటి మూసిన క్లుప్తత, ఇంకొకటి తెరిచిన క్లుప్తత.

1879 జూలై 1న బ్రిటిష్ ఇండియాలో పోస్టుకార్డు వచ్చింది. ధర పావు అణా. మామూలు మనిషి రాతకు కొలత పెట్టిన మొదటి వస్తువు ఇదే. అంతకుముందు ఉత్తరంలో సంబోధనకే నాలుగు వరసలు పోయేవి. పెద్దలకు, వితంతువులకు, అల్లుళ్లకు వేరువేరు సమాసాలు ఉండేవి. కార్డు మీద అంత చోటు లేదు. ‘ఉభయ కుశలోపరి’ అనే ఒక్క మాట రెండు వైపుల క్షేమ సమాచారాన్నీ తేల్చేసి, అసలు సంగతికి దారి ఇచ్చింది. శుభవార్త అయితే మూలల్లో పసుపు పూసేవారు. అక్షరం చదవకముందే సంగతి సగం తెలిసేది. చావు కబురు తెచ్చిన కార్డును గడప లోపలికి తీసుకుపోకుండా బయటే చదివి చించేసేవారు. కార్డుకు కవరు లేదు కాబట్టి అది పోస్టుమాన్ కూడా చదవగల ఉత్తరం. ఇంటి గుట్టు తెలియకుండా ఇంటివాళ్లకు అర్థమయ్యేలా రాయడం అప్పటి ఆడవాళ్లు, మగవాళ్లు ఎంతోమంది సొంతంగా నేర్చిన నేర్పు. తరువాతి కాలంలో వారపత్రికలు కార్డు మీద పట్టే కథలను అచ్చేయడం, సంపాదకులకు లేఖలు ఎక్కువగా కార్డుల మీదే రావడం ఈ అలవాటు కొనసాగింపే.

టెలిగ్రాం ఇంకా బిగుతు. మాటకు ఇంత అని రుసుము. పండుగ, పెళ్లి శుభాకాంక్షలకు తంతి శాఖ అంకెలు కేటాయించింది. అంకె చెబితే వాక్యం చేరేది. కానీ దేశంలో తంతి చాలాకాలం ఇంగ్లిషుదే. నందిగామ తాలూకా పల్లెకు టెలిగ్రాం వస్తే బడిపంతులో, పోస్టుమాస్టరో చదివి చెప్పాలి. ఆ నాలుగు మాటలు ఏమిటో తెలిసేలోపే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. కవిలెకు పట్టిన చిక్కే దీనికీ పట్టింది: మాటలు తక్కువే, భాష మనది కాదు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది.

అచ్చు పత్రికల్లో ఈ చిక్కు విడిపోవడానికి ఎక్కువ కాలం పట్టింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి, సంస్కరణ భావాలు జనానికి చేరాలన్న పట్టుదలతో వచనాన్ని తేలిక చేశారు. కృష్ణా జిల్లాలో 1902లో మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక వచ్చింది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేదాకా దాని సంపాదకుడు. ఆయన సంపాదకీయాలు గంభీరమైన వచనానికి పేరుపడ్డాయి. జాతీయోద్యమ కాలపు చదువరులను అవి కదిలించాయి. కానీ అవి క్లుప్తత కోసం పుట్టినవి కావు. మెట్ట పల్లెకు ఆ పత్రిక చేరితే గ్రంథాలయంలోనో, రచ్చబండ మీదనో ఒకరు చదివి, మధ్య మధ్య ఆగి మామూలు మాటల్లో విప్పి చెప్పవలసి వచ్చేది. విజయవాడ కేంద్రంగా 1914లో ఏర్పడ్డ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పల్లెల్లో పెంచిన చదివి వినిపించే అలవాటు ఈ అవసరానికి సాయపడింది.

విప్పి చెప్పే మనిషితో పనిలేకుండా, అచ్చయిన మాటే ఊరి మాట కావాలన్న పోరాటం గిడుగు రామమూర్తిది. గ్రాంథికం, వ్యావహారికం తగాదా 1910ల్లో ముదిరి, 1914లో వాడుక భాష వైపు నిలిచిన గురజాడ అప్పారావు అసమ్మతి పత్రం రాసేదాకా వెళ్లింది. బళ్లల్లో ఓడినట్టు కనిపించిన వాదం పత్రికల్లో గెలిచింది. తాపీ ధర్మారావు 1930ల్లో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి దారి వేశారు. ఆ దారిని రాజబాట చేసినవాడు కృష్ణా జిల్లా కౌతవరానికి చెందిన నార్ల వెంకటేశ్వరరావు.

నార్ల 1908లో జబల్‌పూర్‌లో పుట్టారు. 1942 నుంచి 1959 దాకా ఆంధ్రప్రభ సంపాదకుడు. 1960 జూలై 1న విజయవాడలో మొదలైన ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడు. ఆయన సంపాదకీయం ఎత్తుగడలోనే విషయం ఉంటుంది. చిన్న వాక్యం, తెలిసిన మాట, సామెత పడవలసిన చోట సామెత, ఎవరిని విమర్శిస్తున్నారో దాచకుండా పేరు పెట్టి చెప్పడం. తేలిక మాటలు వాడితే బరువు తగ్గుతుందన్న భయాన్ని ఆయన రోజూ అచ్చులో పోగొట్టారు. ఆ సంపాదకీయాలు మంత్రులను ఇబ్బంది పెట్టాయి, టీ దుకాణంలో చర్చకూ పనికొచ్చాయి. ‘నార్లవారి మాట’ పద్యాలకు వేమన నడిచిన ఆటవెలదినే ఎంచుకోవడంలోనూ అదే బుద్ధి కనిపిస్తుంది: చిన్న కొలత, సూటి మాట, నోటికి వచ్చే నడక. 1985లో ఆయన మరణించేనాటికి తెలుగు దినపత్రికలో గ్రాంథికం ఊసే లేదు. మాటల పొదుపు, వాడుక భాష రెండూ ఒకచోట కలిశాయంటే ఆ ఘనతలో పెద్ద వాటా నార్లది.

ఇంత జరిగినా మెట్టలోని కీసరలాంటి ఊరి పేరు పత్రికలో కనిపించడం అరుదు. వార్త అంటే ఢిల్లీ, హైదరాబాదు, మహా అయితే జిల్లా కేంద్రం. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1978లో విజయవాడ ప్రచురణ తెచ్చింది. 1989లో జిల్లా వార్తలకు విడి పేజీల పుస్తకం కట్టింది. దాన్ని స్థాపించిన రామోజీరావుదీ కృష్ణా జిల్లా పెదపారుపూడే. తక్కిన పత్రికలూ ఇదే బాట పట్టాయి. మండలానికొక విలేకరి కావలసి వచ్చాడు. రైతో, ట్యూషన్ మాస్టారో, మందుల షాపు నడిపేవాడో సాయంత్రాలు వార్త రాయడం మొదలుపెట్టాడు. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల విలేకరులు కాగితాలు కవర్లో పెట్టి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో ఇచ్చేవారు. కీసర ఆ బస్సుల దారిలోనే, మున్నేటి ఒడ్డున ఉంది. ఆలస్యమైతే ఆ రోజు వార్త పోయినట్టే.

డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు ఈ కాగితాల మీద చేసిన పనే ఆధునిక తెలుగు పొదుపు రాతకు అసలు బడి. వార్తలో ముఖ్యమైనది మొదటి పేరాలోకి రావాలి, తరువాతవి ప్రాముఖ్యం తగ్గే వరసలో ఉండాలి. పేజీ నిండితే కింద నుంచి కోసేస్తారు. ప్రాణం పైన ఉంటే కోసినా వార్త బతుకుతుంది. ‘ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ’ అనే అరిగిన ఎత్తుగడ, ‘ఎంతైనా ఉందని అన్నారు’ అనే ముగింపు వేల వార్తల్లో కొట్టివేతకు గురై, మరునాడు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. ఈనాడు పాత్రికేయ పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ, విలేకరుల భాష కోసం పుస్తకాలు రాసి, ఈ దిద్దుబాటుకు శాస్త్రం ఇచ్చారు. ఏ మాట కలిపి రాయాలి, ఏ ఇంగ్లిషు మాటకు తెలుగు వెతకాలి, ఏది అలాగే ఉంచాలి అన్న తగవులు ఆయన ముందుకు వచ్చేవి.

కొన్ని పత్రికల్లో మారుమూల విలేకరికి అచ్చయిన వార్త కొలతను బట్టి పారితోషికం ఇచ్చే పద్ధతి ఉండేది. పొడుగు రాస్తే నాలుగు రూపాయలు ఎక్కువ. డెస్కు మాత్రం పొట్టిగా రాయమంటుంది. ఈ పెనుగులాటలో ఎక్కువ దెబ్బ తిన్నది విలేకరే. జిల్లా పేజీల రాతను తప్పుపట్టేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

వార్త చివర పదిహేను పేర్లు వేసి ‘తదితరులు పాల్గొన్నారు’ అని ముగించడాన్ని పాత్రికేయ బడులు దండగ కింద జమకట్టాయి. ఆ తీర్పు పూర్తిగా సరైంది కాదు. తన పేరు, తన ఊరివాడి పేరు చూసుకోవడానికే చాలా ఇళ్లల్లో పత్రిక తెరిచారు. సిధథుడి స్తంభం మీద కూడా పేర్లకే ఎక్కువ చోటు పోయింది. చదివేవాడికి ఏది కావాలో దాన్ని ఉంచి, అక్కర్లేనిదాన్ని తీసేయడమే పొదుపు. పేర్లు అక్కర్లేనివి ఎన్నడూ కాలేదు. మంత్రిగారి ఉపన్యాసంలో మూడో పేరా మాత్రం తరచు అక్కర్లేనిదే.

1990ల్లో ఫ్యాక్సు, తరువాత కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చి బస్సు కవరు పోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో కీసర, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. వాటి వార్తలు ఆ జిల్లా పేజీలోకి మారాయి.

పొదుపు రాత విలువ ఆ తరువాతి వరదల్లో మళ్లీ తేలింది. 2023 జూలై చివరలో మున్నేరు పొంగి, నందిగామ మండలం ఐతవరం దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీదికి వరద ఎక్కింది. హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయి, రెండు వైపులా వాహనాలు బారులు తీరాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే చోట అదే జరిగింది. రోడ్డు మీద చిక్కుకున్న మనిషికి కావలసింది మూడు సంగతులు: దారి ఎక్కడ తెగింది, ఎప్పటినుంచి, వేరే దారి ఏది. 2023లో ఆ వేరే దారి నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా చూపించారు. ముందు ఆ మూడూ చెప్పి, వర్షపాతం లెక్కలు, అధికారుల పర్యటనలు తరువాత చెప్పిన రాత ప్రయాణికులకు పనికొచ్చింది. పర్యటనలతో మొదలైన రాత పనికిరాలేదు.